లిగాయ అడిగిన నిజం పుస్తకాలు

వెంకటదుర్గ కువైట్ నుంచి తిరిగొచ్చిన పది నెలలకి, 2003 జూన్‌లో, పోస్ట్‌మాన్ ఒక చిన్న పార్సెల్ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. లోపల ఉత్తరం ముక్క కూడా లేదు. ఒక్క కేసెట్టు మాత్రం ఉంది.

గున్నవారిపాలెంలో కేసెట్టు రావడం వింతేం కాదు. అంబాజీపేట చుట్టుపక్కల గల్ఫ్‌కి మనిషి వెళ్ళని వీధి లేదు. రాయడం రానివాళ్ళు, వచ్చినా కాయితం మీద తనివి తీరనివాళ్ళు కేసెట్లలో మాట్లాడి పంపుకునేవారు. కానీ ఇది గల్ఫ్ నుంచి వచ్చింది కాదు. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చింది.

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన భర్త చిట్టియ్య అన్నం కలుపుతుంటే దుర్గ టేప్‌రికార్డరు పక్కనే పెట్టి నొక్కింది. కోడికూత వినపడింది, ఎవరో నవ్వారు, తర్వాత ఒక ఆడగొంతు అరబ్బీలో గబగబా మాట్లాడడం మొదలెట్టింది.

"ఎవరే ఈవిడ?"

"లిగాయ. చెప్పలేదా మావా, వంటింట్లో నాతో ఉండేదని."

96 నవంబరు గాలివానలో తాటాకిల్లు, ఇంటిచుట్టూ ఉన్న పదకొండు కొబ్బరిచెట్లు పోయాక దుర్గ కువైట్ వెళ్ళింది. అక్కడ ఒక ఇంట్లో ముసలావిడకి స్నానం చేయించడం, మందులివ్వడం ఆమె పని. వంట లిగాయది. మొదటి రెండు నెలలూ ఇద్దరికీ మాటే లేదు. ఒకరోజు లిగాయ కొబ్బరిపాల డబ్బా మూత తీసి వాసన చూసి మొహం చిట్లించింది. దుర్గా వాసన చూసి అదే పని చేసింది. లిగాయ బల్ల మీద చల్లిన పిండిలో వేలితో కొబ్బరిచెట్టు గీసింది. దుర్గ దాని పక్కన ఇంకోటి గీసింది, ఆ తర్వాత అన్నీ పడిపోయినట్టు అడ్డంగా గీతలు గీసింది. లిగాయ తల ఊపి తన చెట్లని కూడా చేత్తో తుడిచేసింది. వాళ్ళ ఊరూ కొబ్బరితోటలదే, వాళ్ళ ఊరికీ గాలివానలే. ఆ తర్వాత అయిదేళ్ళలో ఇద్దరూ ఇంట్లోవాళ్ళ మాటలు ఏరుకుని ఒక వంటింటి అరబ్బీ తయారుచేసుకున్నారు. దానికి వ్యాకరణం లేదు. వాళ్ళిద్దరికీ తప్ప అది ఎవరికీ పూర్తిగా అర్థమయ్యేది కాదు.

ఇప్పుడు ఆ భాషలోనే లిగాయ చెప్పుకుపోతోంది. ఆమె కూడా ఇంటికొచ్చేసింది. వాళ్ళ ఊరి చర్చి పక్కన ఒక గది ఖాళీగా ఉంటే పన్నెండుమంది ఆడవాళ్ళు అందులో చేరి పుస్తకాలు చదువుకుంటున్నారు. వచ్చే పుస్తకాలు రెండు రకాలు. ఒకటి ప్రేమకథలు, అవి చదివి విసుగెత్తిపోయారు. రెండోది పట్నం వాళ్ళు పట్నం వాళ్ళకోసం రాసినవి. "మాకు నిజం పుస్తకాలు కావాలి దుర్గా. కథలొద్దు. మీది మాలాంటి ఊరే కదా. మీ ఊళ్ళో ఏ నిజం పుస్తకాలు చదువుతారు? మంచివి నాలుగు చెప్పు. లోపల ఏముందో కూడా చెప్పు. మావాళ్ళకి నేను చెప్తాను."

కేసెట్టు ఆగింది. దుర్గ విన్నదంతా తెలుగులో చెబితే చిట్టియ్య మజ్జిగ పోసుకుంటూ, "మనూళ్ళో పుస్తకాలు చదువుతారని ఆవిడకి ఎవరు చెప్పారే?" అన్నాడు.

ఎవరూ చెప్పలేదు. ఏడో తరగతితో చదువు ఆపేశాక దుర్గ ఒక్క పుస్తకం తెరిచింది లేదు. రాజోలు హాస్టల్లో చదువుతున్న కూతురు దేవిశ్రీ పుస్తకాలకి అట్టలు వేసేది, అంతవరకే. కానీ ఆ ప్రశ్న ఆమెని వదల్లేదు. ఇంతమందిమి ఉన్నాం, ఇంత నేల ఉంది, దీని గురించి ఎవరో ఒకరు ఏదో ఒకటి రాసే ఉంటారు కదా. ఏం రాసుంటారు?

అంబాజీపేటలో శాఖా గ్రంథాలయం కాలవ పక్కనే ఉంటుంది. దాని ముందునించి ఎన్నో వందలసార్లు నడిచింది గానీ లోపలికెళ్ళడం ఆమెకి అదే మొదలు. ఏటవాలు బల్లల దగ్గర పేపర్లు చదువుతున్న మగవాళ్ళు తలెత్తి చూశారు. లైబ్రరీ మేష్టారు జగన్నాథరావు గారు కళ్ళజోడు పైనుంచి చూసి, "పాస్‌పోర్టు ఫారమా అమ్మా? అవి ఇక్కడ నింపరు, సెంటర్లో జెరాక్స్ షాపుకెళ్ళు" అన్నాడు.

"కాదండి. నిజం పుస్తకాలు కావాలండి."

"ఏంటి?"

"కథలు కానివండి. మన ప్రాంతం గురించి. ఫిలిప్పీన్స్‌లో ఉన్నవాళ్ళకి చెప్పాలండి."

ఆయన పెన్ను కిందపెట్టి కూర్చోమన్నాడు. దుర్గ పిండిలో గీసిన చెట్ల దగ్గర్నుంచి మొదలెట్టి అంతా చెప్పింది. పేపర్ల దగ్గరున్నవాళ్ళు పేజీలు తిప్పడం మానేశారు. అంతా విని మేష్టారు, "అయితే ఏం విషయం కావాలి?" అని అడిగాడు. తెలీదండి అంది. ఆయన లేచి, బీరువా తాళం తీసి, లావుపాటి పుస్తకం ఒకటి తన పేరు మీదే రాసుకుని ఇచ్చాడు. అది దేశంకోసం జైలుకెళ్ళిన ఒక పెద్దమనిషి జీవితచరిత్ర.

వారం తర్వాత దుర్గ దాన్ని వెనక్కి తెచ్చింది.

"అప్పుడే అయిపోయిందా?"

"నలభై పేజీలు చదివానండి. చాలా మంచాయనండి. కానీ ఆయన గురించి లిగాయకి చెప్పాలంటే ముందు మన దేశం మొత్తం చెప్పాలండి. అది నా వల్ల అవదు."

జగన్నాథరావు గారికి ఇరవై రెండేళ్ళ సర్వీసు. పుస్తకాలు ఆలస్యంగా తెచ్చినవాళ్ళని చూశాడు, చింపేసి తెచ్చినవాళ్ళని చూశాడు, తేనివాళ్ళని సరేసరి. ఫలానా కారణం వల్ల ఈ పుస్తకం పనికిరాలేదని చెప్పి తిరిగిచ్చిన మనిషి ఆయనకి తగల్లేదు. ఈసారి తొందరపడి ఇవ్వలేదు. రెండు బీరువాలు తెరిచి ఆమెనే వెతుక్కోమన్నాడు.

ఆమె మూడు ఏరింది. ఒకటి పాముల గురించి. ఇంకోటి గోదావరి ఆనకట్ట, దాని కాలవల చరిత్ర. మూడోది 96 తుపాను మీద ఎవరో సహాయ సంస్థవాళ్ళు అచ్చువేసిన నివేదిక, సన్నటి పుస్తకం. అట్ట మీద ఒరిగిపోయిన కొబ్బరితోట ఫోటో ఉంది.

చదవడం నెమ్మదిగానే సాగింది. ఒత్తులున్న మాట వస్తే రెండుసార్లు పైకి అనుకోవాల్సొచ్చేది. చిట్టియ్య కొబ్బరికాయల కొట్టులో ఒలుపు పని చేస్తాడు. ఆ కాలంలో మధ్యాహ్నం నుంచి కాయలు ఇంటికే తెచ్చుకుని వాకిట్లో ఒలిచేవాడు. ఆయన నేలలో పాతిన ఇనప గునపం మీద కాయ గుచ్చి పీచు డొక్క విరుస్తుంటే దుర్గ అరుగు మీద కూర్చుని పైకి చదివేది. పాముల పుస్తకం మూడోరోజున గొడవ తెచ్చింది.

"జెర్రిగొడ్డు మగదీ, తాచు ఆడదీ అనుకోవడం పొరపాటు, అవి రెండూ వేరువేరు జాతులు అని రాశాడు మావా."

చిట్టియ్య చేతిలో కాయ గునపం మీదే ఆగిపోయింది. "ఎవడాడు?"

"ఎవరో ప్రొఫెసరు."

"పొలంగట్టు మీద రెండూ పెనవేసుకుని ఉండగా మా తాత కళ్ళారా చూశాడు. ఆ ప్రొఫెసరుకి ఏ ఊళ్ళో పొలం ఉందో అడుగు."

"అవి రెండు జెర్రిగొడ్లే అయ్యుంటాయట. మగవి రెండు కొట్లాడుకుంటాయట. చూసినవాళ్ళు పొరపడతారని ఇదిగో ఇక్కడ రాశాడు."

చిట్టియ్య ఆగిన కాయ డొక్క విరిచి ఇంకోటి అందుకున్నాడు. ఇరవై కాయలు ఒలిచాక, "తాచు పాలు తాగదని కూడా రాశాడా?" అని అడిగాడు. రాశాడంది. "మరి పుట్టలో పోసినవి ఏమవుతున్నట్టు?" అన్నాడు. దానికి పుస్తకంలో జవాబు లేదు.

తుపాను నివేదికకి వచ్చేసరికి దుర్గ పైకి చదవడం మానేసి తనలో తనే చదువుకుంది. అరవై ఒకటో పేజీలో పట్టికలో వాళ్ళ ఊరు పేరుంది. కూలిన చెట్లు, పోయిన పశువులు, పడిపోయిన ఇళ్ళు అంకెల్లో ఉన్నాయి. కింద ఒక వాక్యం: "గ్రామ ప్రజలు పాఠశాల భవనంలో తలదాచుకున్నారు."

ఆ వాక్యం ఆమె మూడుసార్లు చదివింది. తర్వాత చిట్టియ్యకి చూపించింది. ఆయన చదవలేడు, ఆమె చదివి చెప్పింది.

"మనం బడిలో ఎప్పుడున్నాం?" అన్నాడు.

బడి రేకులు అందరికంటే ముందు లేచిపోయాయి. అక్కడికి పరిగెత్తినవాళ్ళు మళ్ళీ వెనక్కి పరిగెత్తారు. నలభైమంది పైగా కొబ్బరికాయల కొట్టులో, కప్పు దాకా పోసిన రాశుల మధ్య నిలబడ్డారు. గాలి విసిరినప్పుడల్లా కాయలు దొర్లి మీద పడేవి. గోడ ఒరగకుండా మగవాళ్ళు వీపులు ఆనించి వంతులవారీగా నిలబడ్డారు. రెండు రోజులు ఆ కాయల్లో నీళ్ళే తాగారు, పచ్చికొబ్బరే తిన్నారు. కొట్టు యజమాని ఒక్కమాట అనలేదు. ఇదేదీ పుస్తకంలో లేదు.

దుర్గ ఆ పుస్తకం పట్టుకుని లైబ్రరీకి వెళ్ళింది. కోపంగా వెళ్ళలేదు. ఆమెకి ఒక సంగతి తేలాలి.

"మేష్టారండి, నిజం పుస్తకంలో అబద్ధం ఉంటే దాన్ని ఏ పుస్తకం అనాలండి?"

ఆయన ఆ పేజీ చూశాడు. ఆమె చెప్పింది విన్నాడు. "రాసినాయన మీ ఊరు వచ్చుండడమ్మా. ఎవర్నో అడిగి రాసుంటాడు" అన్నాడు.

"మరి నేను అక్కడున్నాను కదండి."

"ఆయ్, అది నిజమే." ఆయన తెల్లకాయితం ఒకటి తీసి ఆమె ముందు పెట్టాడు. "అయితే రాయి. పేజీ చించకూడదు, కొట్టెయ్యకూడదు. పక్కన అంటించొచ్చు."

ఆమె బల్ల దగ్గర కూర్చుని ఒక గంట రాసింది. అక్షరాలు పెద్దవిగా, వరసలు కిందికి జారుతూ వచ్చాయి. చివర్లో పేరు పెట్టింది. జగన్నాథరావు గారు జిగురు రాసి అరవై ఒకటో పేజీ అంచున అంటించి, దాని మీద లైబ్రరీ ముద్ర వేశాడు. అలా చెయ్యడానికి రూల్సు ఒప్పుకుంటాయో లేదో ఆయన ఎవర్నీ అడగలేదు.

ఇక కేసెట్టు నింపడానికి నాలుగు రోజులు పట్టింది. ఆనకట్టకి అరబ్బీలో ఏమంటారో ఆమెకి తెలీదు. కువైట్‌లో నదే లేదు, ఆ మాట ఎవరంటారు? చివరికి "బాబ్ మాయ్" అంది. బాబ్ అంటే తలుపు, మాయ్ అంటే నీళ్ళు. నీళ్ళ తలుపు. పాముల గురించి చెబుతుంటే చిట్టియ్య పక్కన చేరి, "మా తాత సంగతి కూడా చెప్పు" అని నాలుగైదుసార్లు అన్నాడు. ఆమె ఆ తగువు కూడా చెప్పింది, ఆయన మాటలన్నీ కూడా కేసెట్లో పడ్డాయి. చెరిపితే తన మాటలూ పోతాయని ఆమె అలాగే ఉంచేసింది. తుపాను పుస్తకం గురించి చెప్పేటప్పుడు మాత్రం ముందు పుస్తకంలో ఉన్నది చెప్పింది, తర్వాత ఒక నిమిషం ఆగి, తను అంటించిన కాయితంలో ఉన్నది చెప్పింది.

జవాబు నాలుగు నెలలకి వచ్చింది. ఈసారి కేసెట్లో లిగాయ వెనకాల చాలా గొంతులున్నాయి. ఆమె ఒక్కో పుస్తకం గురించీ వాళ్ళేమన్నారో వరసగా చెప్పింది. పాముల పుస్తకం అందరికీ నచ్చింది. అంతకంటే ఆ పుస్తకంతో పోట్లాడిన మగమనిషి బాగా నచ్చాడు. ఆయన ఎవరు, ఇంకే పుస్తకాలతో పోట్లాడతాడు అని అడుగుతున్నారు. కొబ్బరికాయల కొట్టులో నిలబడ్డ సంగతి మూడుసార్లు పెట్టించుకుని విన్నారు. వాళ్ళలో ఒకావిడ అలాగే ఒక గాలివానలో పడవ కింద దాక్కుందట. అది ఏ పుస్తకంలోనూ లేదు కాబట్టి తనూ రాస్తానంటోందట.

"ఒక్క పుస్తకం మాత్రం మావాళ్ళు నమ్మలేదు దుర్గా. నీళ్ళ తలుపు పుస్తకం. నది కిందుంటుంది, పొలం పైనుంటుంది. మోటారు లేకుండా నీళ్ళు పైకెలా వస్తాయి? నువ్వు ఆ తలుపు చూశావా?"

దుర్గ కేసెట్టు ఆపేసింది. పుట్టినప్పట్నుంచీ ఆ కాలవ నీళ్ళలోనే స్నానం చేసింది, బట్టలుతికింది, వరి నాట్లు వేసింది. ఆ నీళ్ళు ఎక్కడ బయల్దేరతాయో చూడలేదు. చిట్టియ్యా చూడలేదు.

తర్వాతి ఆదివారం ఇద్దరూ రావులపాలెం వెళ్ళి అక్కణ్ణుంచి ఆత్రేయపురం మీదుగా పోయే బస్సెక్కారు. చిట్టియ్య ఒళ్ళో టేప్‌రికార్డరు, తువ్వాల్లో చుట్టి, కొత్త బ్యాటరీలు వేసి. బొబ్బర్లంకలో దిగారు. కోనసీమకి నీళ్ళు వదిలే తలుపులు అక్కడే ఉన్నాయని పుస్తకంలో ఉంది. ఒకపక్క గోదావరి కళ్ళు పట్టనంత వెడల్పున కదలకుండా ఉంది. ఇంకోపక్క తలుపుల కిందనుంచి కాలవ నురగలు కక్కుతూ పోతోంది. దుర్గ చాలాసేపు అటూ ఇటూ చూసింది. రెండు పక్కల నీళ్ళ మట్టంలో అంత తేడా ఎందుకో ఆమెకి మొదట అంతుపట్టలేదు.

తలుపులు తిప్పే లస్కరు ముసలయ్య చెట్టు నీడన చుట్ట కాల్చుకుంటున్నాడు. ఆమె వెళ్ళి అడిగింది. ఆయన ముందు చిట్టియ్య చేతిలో ఉన్న టేప్‌రికార్డరు చూసి, "పేపరోళ్ళా?" అన్నాడు.

"కాదండి. ఫిలిప్పీన్స్‌లో మావాళ్ళు అడిగారండి, నీళ్ళు పైకెలా ఎక్కుతాయని."

ముసలయ్య చుట్ట తీసి నవ్వాడు. "ఎక్కవమ్మా. నీళ్ళెప్పుడూ ఎక్కవు. అదిగో, ఆనకట్టతో గోదారినే ఎత్తున నిలబెట్టారు. మీదే ఊరు? అంబాజీపేటా? మీ ఊరు ఇక్కడికంటే ఎంతో పల్లంలో ఉంది. మెరక చూసి కాలవ తవ్వారు. ఇక్కణ్ణుంచి సముద్రం దాకా నీళ్ళు దిగుతూనే ఉంటాయి. మీరు పైన అనుకునేది కిందేనమ్మా."

"పొలాలు కాలవకి పైన లేవాండి మరి?"

"ఏదీ, ఒక్క పొలం చూపించు కాలవకి పైన ఉన్నది."

దుర్గ తమ ఊరి కాలవగట్టు గుర్తుచేసుకుంది. గట్టు మీదనుంచి చేలోకి ఎప్పుడూ దిగేదే. ఎక్కింది ఎప్పుడూ లేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళు దిగుతూనే ఉండి, ఎందుకు దిగుతున్నానని ఒక్కసారీ అనుకోలేదు. ఆమె టేప్‌రికార్డరు నొక్కి తలుపుల దగ్గరికి పట్టుకెళ్ళి నీళ్ళ హోరు రెండు నిమిషాలు ఎక్కించింది. తర్వాత అక్కడే నిలబడి, హోరుకి పైన వినపడేలా గట్టిగా, ముసలయ్య చెప్పిందంతా వంటింటి అరబ్బీలోకి మార్చి చెప్పింది. ముసలయ్య చుట్ట కాల్చడం మర్చిపోయి చూశాడు. చిట్టియ్య ఈలోగా తలుపులు లెక్కపెట్టి వచ్చి, "పుస్తకంలో ఎన్నని ఉంది?" అని అడిగాడు. సరిపోయింది. "పోనీలే, ఈయన చూసే రాశాడు" అన్నాడు.

అలా మూడేళ్ళు నడిచింది. ఇటునుంచి వైద్యం పుస్తకాలు, నాటుపడవల పుస్తకం, బెల్లం వంట మీద ఒకటి వెళ్ళాయి. అటునుంచి లిగాయ కూడా పుస్తకాలు చెప్పడం మొదలెట్టింది. వాళ్ళ జాలర్లు గాలులకి పెట్టుకున్న పేర్ల మీద ఒక పుస్తకం గురించి చెబితే, దుర్గ దాన్ని లైబ్రరీ బల్ల దగ్గర తెలుగులో చెప్పింది. పేపర్లు చదివే మగవాళ్ళు పేపర్లు మడిచి విన్నారు. మన గాలుల పేర్లు ఎన్నని లెక్కపెడితే ఏడు దగ్గర వాదన మొదలై ఆ పూట తేలలేదు. ఆ పుస్తకాన్ని రిజిస్టరులో ఎలా ఎక్కించాలా అని జగన్నాథరావు గారు కొన్నాళ్ళు బాధపడ్డాడు. ఆ పుస్తకం లైబ్రరీలో లేదు, దుర్గ నోట్లో ఉంది.

2006లో లిగాయ మళ్ళీ బయలుదేరింది, ఈసారి హాంగ్‌కాంగ్. ఆమె వెళ్ళిపోయాక చర్చి గదిలో అరబ్బీ తెలిసినవాళ్ళు లేరు. పడవ కింద దాక్కున్నావిడ ఇంగ్లీషులో ఒక ఉత్తరం రాసింది. రిటైరవబోతున్న జగన్నాథరావు గారు దాన్ని తెలుగులో చదివి చెప్పాడు, దుర్గ చెప్పిన జవాబుని ఇంగ్లీషులో రాశాడు. కానీ అందులో నవ్వులుండవు, చిట్టియ్య గొంతుండదు. రెండు ఉత్తరాల తర్వాత రాకపోకలు వాటంతటవే పలచబడ్డాయి. దుర్గకి కొన్నాళ్ళు వెలితిగా ఉండేది. కేసెట్లన్నీ బియ్యం డబ్బా పక్కన అట్టపెట్టెలో ఉన్నాయి. అప్పుడప్పుడూ ఒకటి పెట్టుకుని వినేది.

లైబ్రరీకి వెళ్ళడం మాత్రం మానలేదు. గురువారం మధ్యాహ్నాలు ఆమెతోపాటు మస్కట్ నుంచీ దుబాయ్ నుంచీ తిరిగొచ్చిన ఆడవాళ్ళు అయిదారుగురు వచ్చేవారు. ఎవరికే పుస్తకం పనికొస్తుందో ఆమె చెప్పేది. ఏది వద్దో కూడా చెప్పేది, ఎందుకు వద్దో కారణంతో. అరవై ఒకటో పేజీ దగ్గర అలవాటైన పని ఆమె వదల్లేదు. చదివిన ప్రతి నిజం పుస్తకం వెనకట్ట లోపల ఒక చీటీ అంటించేది.

కొత్తగా వచ్చిన లైబ్రేరియన్ వర్షిణి స్టాకు సరిచూస్తూ ఈ చీటీలు చూసి ఎవరు అంటించారని అడిగింది. బల్ల దగ్గరున్నవాళ్ళు దుర్గని చూపించారు. పుస్తకాలు పాడవుతాయండీ అని చెప్పాలనుకుని, ముందు ఒకటి చదివింది. తేనెటీగల పుస్తకం అది. "ఇది తోట ఉన్నవాళ్ళు చదవాలి. లేనివాళ్ళు చదివితే తోట కావాలనిపిస్తుంది. తొమ్మిదో పేజీ మావారు ఒప్పుకోలేదు" అని ఉంది. వర్షిణి తొమ్మిదో పేజీ తీసి చూసింది. తర్వాత ఇంకో పుస్తకం తీసింది, దాని చీటీ చదివింది. ఆ సాయంత్రం మూసేవేళ దాకా స్టాకు పని ముందుకి సాగలేదు.

అప్పుడు దుర్గ చేతిలో ఉన్నది నక్షత్రాల మీద పుస్తకం. బాగుందా అండీ అని వర్షిణి అడిగింది. దుర్గ వేలు పేజీలో ఉంచి, "ఇంకా సగంలో ఉన్నానండి, ఇప్పుడే చెప్పకూడదు" అంది.